దాచిన చిరునామా, దొరకని పుట

బ్రౌజరులో ఒక బుక్‌మార్కు పెట్టుకోవడం క్షణకాలపు పని. అది పదేళ్ళ తరువాత కూడా అక్కరకు వచ్చేటట్లు నిలుపుకోవడం మాత్రం అభ్యాసంతో అబ్బవలసిన విద్య. ఆ విద్యకు అవసరమైన పాఠాలు పుదుచ్చేరి నగర చరిత్రలో అనేకం ఉన్నాయి.

1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయింది. విజేతలు కోటను, భవనాలను నేలమట్టం చేశారు. 1765లో ఫ్రెంచివారు తిరిగివచ్చి పునర్నిర్మాణానికి పూనుకొన్నప్పుడు వారికి గోడలు మిగలలేదు గాని, వీధుల రేఖలు మిగిలాయి. పదిహేడవ శతాబ్ది చివర కొద్దికాలం సాగిన డచ్చివారి ఏలుబడిలో రూపుదిద్దుకొన్న చదరపు వీధుల ప్రణాళిక మీదనే కొత్త ఇళ్ళు లేచాయి. నేటికీ ఆ నగరంలో సముద్రతీరానికి సమాంతరంగా కొన్ని, అడ్డంగా కొన్ని వీధులు తీర్చిగీసినట్లు సాగిపోతాయి. ఇళ్ళు పోయినా చిరునామాలు నిలిచాయి.

అంతర్జాలంలో పరిస్థితి దీనికి సరిగ్గా తలక్రిందులు. అక్కడ చాలాసార్లు ఇల్లు ఎక్కడో ఒకచోట చెక్కుచెదరకుండా ఉంటుంది, చెడిపోయేది చిరునామా. నిన్న చదివిన వ్యాసం, గత సంవత్సరం చూసిన ప్రభుత్వ ఉత్తర్వు, ఐదేళ్ళనాడు కనుగొన్న అపురూప గ్రంథం అన్నీ బ్రౌజరులో భద్రంగా ఉన్నాయనుకొంటాము. తీరా అవసరం వచ్చి నొక్కి చూస్తే ‘మీరు కోరిన పుట లేదు’ అన్న ఒక్క పంక్తి ఎదురవుతుంది. దాచుకొన్నామనుకొన్నది ఏమిటి, నిజానికి దాచుకొన్నది ఏమిటి అన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది.

గుర్తు వేరు, పుట వేరు

పూర్వం గ్రంథం చదువుతూ మధ్యలో లేవవలసి వస్తే పుటల నడుమ ఒక నెమలీకనో, పట్టుదారమునో, కాగితపు ముక్కనో ఉంచేవారు. గుర్తు గ్రంథంలోనే ఉండేది. గ్రంథం ఇంట్లోనే ఉండేది. కనుక గుర్తు ఉన్నంతకాలం పుట కూడా ఉండేది. బ్రౌజరులోని బుక్‌మార్కుకు ఈ సౌలభ్యం లేదు. అది మన యంత్రంలో వ్రాసిపెట్టుకొన్న ఒక చిరునామా మాత్రమే. పుట ఉండేది వేరొకరి సర్వరులో. ఆ యజమాని ఇల్లు మారినా, ఇంటిపేరు మార్చినా, తలుపు మూసినా మన చేతిలోని చీటీకి ఆ సంగతి తెలియదు.

ఈ గుర్తుల చరిత్ర చాలా పొట్టిది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1993లో వెలువడిన మొజాయిక్ బ్రౌజరులో ఇటువంటి జాబితాను ‘హాట్‌లిస్టు’ అనేవారు. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ వాటికి ‘బుక్‌మార్కులు’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది. 1995లో మైక్రోసాఫ్ట్‌వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ‘ఫేవరిట్స్’ అన్నది. తెలుగు చేసినవారిలో కొందరు ‘ఇష్టాంశాలు’ అన్నారు, కొందరు బుక్‌మార్కులనే ఉంచారు. ఇష్టమైనవన్నీ అవసరమైనవి కావు. అవసరమైనవన్నీ ఇష్టమైనవీ కావు. ఈ తేడాను గమనించకుండా కనబడినదల్లా దాచుకొంటూ పోవడంవల్లనే సగం చిక్కు వస్తున్నది.

మిగిలిన సగం చిక్కుకు కారణం మనం కాము. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో వెబ్‌లో ఉన్న పుటలలో 38 శాతం పదేళ్ళు గడిచేసరికి అందుబాటులో లేకుండా పోయాయి. అంటే ఆనాడు ఎంతో శ్రద్ధగా దాచుకొన్న వంద గుర్తులలో ముప్పైకి పైగా నేడు శూన్యంలోకి దారితీస్తున్నవని భావించవచ్చు.

ఊరి పేరు మారినప్పుడు

పాండిచ్చేరి అన్న పేరు 2006 అక్టోబరు 1 నుండి అధికారికంగా పుదుచ్చేరి అయినది. ఫ్రెంచివారి వ్రాతలో ఆ పేరుకు మరొక అక్షరక్రమం ఉన్నది. తమిళులు ప్రేమగా ‘పుదువై’ అని కుదించి పిలుస్తారు. విశ్వవిద్యాలయం మాత్రం నేటికీ పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే. పూర్వం ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా పాత పేరులోని మొదటి మూడు ఆంగ్లాక్షరాలతో ఆరంభమయ్యేది. నేటి చిరునామాలో ‘పి.వై.’ అన్న రెండక్షరాలున్నాయి. ఒకే ఊరికి సంబంధించిన పది పుటలను దాచుకొన్నవాడు ఒక్క పేరుతో వెదికితే పదీ దొరకవు.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. గోదావరి పాయ ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ నడుమ ఉన్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే. అక్కడి ప్రజల భాష తెలుగు. వారి రాజధాని సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి. కళాశాల ప్రవేశపు ప్రకటన, ఉద్యోగ ప్రకటన, ఉపకారవేతనపు దరఖాస్తు వంటివి రాజధాని కార్యాలయపు నోటీసు పలక మీద చదవాలంటే రాత్రంతా ప్రయాణం చేయవలసిందే. అటువంటివారికి సరైన చిరునామా ఒకటి బ్రౌజరులో ఉండటం విలాసం కాదు. పాత చిరునామాను నమ్ముకొని గడువు తేదీ దాటిపోతే కలిగే నష్టం ఒక విద్యాసంవత్సరం.

గ్రంథాలయమే కదలిపోయినప్పుడు

పోయిన చిరునామాల కథలలో తెలుగు చదువరులను బాగా బాధించినది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతిని పొందిన రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను అంకరూపంలోకి మార్చాలన్న బృహత్ సంకల్పానికి ముఖ్య ప్రేరకులు. ఆ యత్నంలో భాగంగా బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలైన సంస్థల పూనికతో వేలాది తెలుగు గ్రంథాలు స్కానింగుకు నోచుకొన్నాయి. అచ్చులో దొరకని ప్రబంధాలు, పాత నాటకాలు, వ్యాకరణాలు, జీవితచరిత్రలు ఇంట్లో కూర్చుని చదువుకొనే భాగ్యం కలిగింది. తెలుగు వికీపీడియాలో పనిచేసే స్వచ్ఛంద సేవకులు ఏ గ్రంథం ఏ లంకెలో ఉన్నదో ఓపికగా జాబితాలు తయారుచేశారు. పరిశోధకులు వందలకొద్దీ బుక్‌మార్కులు పెట్టుకొన్నారు.

ఆ సైటు గత దశాబ్దం ద్వితీయార్ధంలో మూతపడింది. ఒక్కసారిగా ఆ జాబితాలలోని లంకెలు, ఆ బుక్‌మార్కులు నిరుపయోగమయ్యాయి. అయితే గ్రంథాలు పూర్తిగా నశించలేదు. 1996లో సాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఆ స్కానింగు ప్రతులు పెద్దసంఖ్యలో చేరాయి. అక్కడి గుర్తింపు సంఖ్యలలో పాత గ్రంథాలయపు పేరు నేటికీ కనిపిస్తుంది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. కేవలం లంకెను దాచుకొన్నవారికి ఏమీ మిగలలేదు. లంకెతోపాటు గ్రంథం పేరు, కర్త పేరు, ముద్రణ సంవత్సరం వ్రాసుకొన్నవారు కొత్త చోట అదే గ్రంథాన్ని వెదికి పట్టుకోగలిగారు. చిరునామా పోయినా మనిషి పేరు తెలిస్తే ఊరిలో ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. పేరే తెలియకపోతే ఎవరిని ఏమని అడగగలము?

ప్రతి ఉన్నందువల్ల నిలిచిన దినచర్య

పుదుచ్చేరి చరిత్రకు ప్రాణప్రదమైన గ్రంథం ఆనందరంగ పిళ్ళై దినచర్య. ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉండిన పిళ్ళై 1736 నుండి 1761 వరకు తమిళంలో వ్రాసుకొన్న ఈ దినచర్యలో నౌకల రాకపోకలు, సరుకుల ధరలు, దర్బారు రహస్యాలు, యుద్ధవార్తలు అన్నీ ఉన్నాయి. ఆయన మరణించిన తరువాత ఎనభై ఏళ్ళకు పైగా ఆ సంపుటాలు లోకం దృష్టికి రాలేదు. 1846లో గల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి అధికారి వాటిని కనుగొని ప్రతి తయారుచేసుకొన్నాడు. అటుపిమ్మట ప్రతులకు ప్రతులు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1904 నుండి 1928 వరకు పన్నెండు సంపుటాలుగా ఆంగ్లానువాదం ప్రచురించింది.

ఆ ఫ్రెంచి అధికారి ‘ఫలానావారి ఇంట్లో ఫలానా పుస్తకం ఉన్నది’ అని మాత్రం వ్రాసుకొని ఊరుకొని ఉంటే, అది నేటి భాషలో ఒక బుక్‌మార్కు అయ్యేది. ఆయన ప్రతి వ్రాయించాడు. చిరునామా వ్రాసుకోవడానికి, ప్రతిని ఉంచుకోవడానికి ఉన్న భేదమంతా ఇదే. నిజంగా ముఖ్యమనుకొన్న పుట విషయంలో మనము కూడా చిరునామాతో తృప్తిపడరాదు. దానిని పి.డి.ఎఫ్. రూపంలోనో, పూర్తి పుటగానో మన యంత్రంలో భద్రపరచుకోవచ్చు. బహిరంగంగా అందరికీ కనిపించే పుట అయితే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ యంత్రానికి ఆ చిరునామా అందజేస్తే వారు ఒక ప్రతి తీసి తేదీతో సహా ఉంచే ప్రయత్నం చేస్తారు. మాయమైన పాత పుటలను వెదకడానికి కూడా మొదట పోవలసిన చోటు అదే.

ఒక గ్రంథం, మూడు అరలు

ఇక దాచినవాటిని అమర్చడం ఎట్లా? సాధారణంగా అందరూ చేసేది ఫోల్డర్లు సృష్టించడం. ఫోల్డరు బీరువాలోని అర వంటిది. ఒక వస్తువును ఒక అరలోనే పెట్టగలము. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆనందరంగ పిళ్ళైకి తెలుగు సాహిత్యంతో కూడా సంబంధమున్నది. కస్తూరి రంగకవి అనే తెలుగు కవి ఒక ఛందోగ్రంథాన్ని ఆయన పేర ‘ఆనందరంగరాట్ఛందము’ అని రచించాడు. దానికే ‘లక్షణచూడామణి’ అని మరొక పేరు. ఈ గ్రంథానికి సంబంధించిన ఒక పుటను దాచుకోవాలంటే ఏ అరలో ఉంచాలి? ఛందస్సులోనా, పద్దెనిమిదవ శతాబ్ది సాహిత్యంలోనా, పుదుచ్చేరి చరిత్రలోనా? మూడూ సమంజసమే. ఇవాళ ఛందస్సులో పెట్టినవాడు ఆరునెలల తరువాత పుదుచ్చేరి అరలో వెదికి, కనబడక, మళ్ళీ వెబ్ అంతా గాలిస్తాడు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లే.

గ్రంథాలయ శాస్త్రం ఈ సమస్యను ఏనాడో గుర్తించింది. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న శీర్గాళిలో 1892లో జన్మించిన ఎస్. ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేస్తూ 1931లో గ్రంథాలయ శాస్త్రపు పంచసూత్రాలను, 1933లో కోలన్ వర్గీకరణను ప్రకటించారు. ఒక గ్రంథం విషయానికి అనేక ముఖాలుంటాయనీ, స్థలం, కాలం, అంశం వంటి వాటిని విడివిడిగా గుర్తించి కలిపి చెప్పాలనీ ఆయన పద్ధతి. పాఠకుని కాలం వృథా కారాదన్నది ఆయన సూత్రాలలో ఒకటి. నేడు ఫైర్‌ఫాక్సు వంటి బ్రౌజర్లలో ఉన్న ‘ట్యాగు’ సౌకర్యం ఈ ఆలోచనకు దగ్గర బంధువు. ఒకే బుక్‌మార్కుకు ఛందస్సు, పుదుచ్చేరి, 18వ శతాబ్ది అని మూడు ట్యాగులు తగిలించవచ్చు. ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. ఈ సౌకర్యం లేని బ్రౌజర్లు వాడేవారు ఆ మూడు మాటలనూ బుక్‌మార్కు పేరులోనే చేర్చి వ్రాసుకొంటే అదే ఫలితం కలుగుతుంది.

పట్టిక లేని కట్ట

పుదుచ్చేరిలోని సెయింట్ లూయీ వీధిలో 1955లో ఏర్పడిన ఫ్రెంచి పరిశోధనాలయం ఉన్నది. అందులోనూ, నగరంలోని మరొక ఫ్రెంచి ప్రాచ్యవిద్యా కేంద్రంలోనూ కలిపి సుమారు 11,000 శైవ లిఖితగ్రంథాలున్నాయి. అత్యధికం తాళపత్రాలు. 2005లో యునెస్కో ఈ సేకరణను ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చేర్చింది.

తాటాకు కట్టను చూసినవారికి దాని స్వభావం తెలుసు. ఆకులకు రంధ్రం చేసి త్రాడు గ్రుచ్చి, అటూ ఇటూ చెక్క పలకలు పెట్టి బిగిస్తారు. పైనుండి చూస్తే ఏ కట్ట అయినా ఒకటే. ఒకే కట్టలో నాలుగైదు గ్రంథాలుండవచ్చు. ఉన్న గ్రంథానికి ఆదీ అంతమూ లేకపోవచ్చు. పండితుడు కూర్చుని ఆకులు విప్పి, గ్రంథం పేరు, కర్త, లిపి, ఆకుల సంఖ్య, ఆద్యంత వాక్యాలు పట్టికలో నమోదు చేస్తేగాని ఆ కట్ట నలుగురికి ఉపయోగపడదు.

మన బ్రౌజరులోని జాబితా కూడా పైనుండి చూస్తే ఇటువంటి కట్టలకుప్పే. బుక్‌మార్కు పెట్టినప్పుడు బ్రౌజరు సైటు యజమాని పెట్టిన శీర్షికనే తీసుకొంటుంది. అది తరచు ‘స్వాగతం’ అనో, ‘హోమ్’ అనో, ‘వివరాలు’ అనో ఉంటుంది. ఇరవై ‘స్వాగతాల’ నడుమ కావలసినది ఏదో ఎవరికి తెలుస్తుంది? కనుక దాచే క్షణంలోనే పది క్షణాలు అదనంగా వెచ్చించి, మన మాటలలో పేరు పెట్టడం అత్యవసరం. ‘యానాం విద్యార్థుల ఉపకారవేతనం, దరఖాస్తు పత్రం’ అని వ్రాసుకొంటే ఆ గుర్తు ఎప్పటికీ మూగపోదు.

అందరూ ఆచరించదగిన పద్ధతి

ఇంతవరకు చెప్పినదానిని నిత్యజీవితంలో ఈ విధంగా అమలు జరుపవచ్చు.

మొదటిది: ఫోల్డర్లు తక్కువగా ఉండాలి. ఆరేడు పెద్ద అరలు చాలు. అరలో అర, దానిలో మరొక అర పెట్టుకొంటూ పోతే దారి తప్పేది మనమే. ‘చూడవలసినవి’ అని ఒక తాత్కాలికపు అర ఉంచుకొని, తొందరలో దొరికినవన్నీ అందులో వేయాలి. వారానికొకసారి దానిని ఖాళీ చేయాలి.

రెండవది: ప్రతి గుర్తుకు మన భాషలో పేరు పెట్టాలి. గ్రంథమైతే కర్త, సంవత్సరం చేర్చాలి. ఊరికి రెండు పేర్లుంటే రెండూ వ్రాయాలి.

మూడవది: బ్యాంకు, పింఛను, విద్యుత్ బిల్లు వంటి ధనసంబంధమైన సైట్లను పాసుపుస్తకం మీదనో, బిల్లు మీదనో ముద్రించి ఉన్న చిరునామాతో ఒక్కసారి సరిచూసి బుక్‌మార్కు చేసుకోవాలి. తరువాత ఎప్పుడూ ఆ గుర్తు ద్వారానే వెళ్ళాలి. సందేశంలో వచ్చిన లంకెను నొక్కడంవల్ల, వెదుకులాటలో మొదట కనిపించిన దానిని నమ్మడంవల్ల నకిలీ సైట్ల పాలబడే ప్రమాదమున్నది. వృద్ధులైన తల్లిదండ్రుల ఫోనులో ఈ నాలుగైదు గుర్తులు పెట్టి ఇవ్వడం పిల్లలు చేయగలిగిన చిన్న ఉపకారం. ఇతరులు కూడా వాడే కంప్యూటరులో మాత్రం ఇటువంటి గుర్తులు ఉంచరాదు.

నాలుగవది: ఏడాదికొకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపినట్లు, జాబితాను దులపాలి. చచ్చిన లంకెలకు కొత్త చిరునామా వెదకాలి, లేదా తీసివేయాలి. ఎందుకు దాచామో జ్ఞాపకం రానిదానిని నిస్సంకోచంగా వదలుకోవాలి.

ఐదవది: మొత్తం జాబితాను ఒక ఫైలుగా ఎగుమతి చేసి వేరొక చోట భద్రపరచాలి. ప్రధానమైన కంప్యూటరు బ్రౌజర్లన్నిటిలో ఈ సౌకర్యం ఉన్నది.

చివరి నియమాన్ని తేలికగా తీసుకొనేవారికి కొన్ని సంఘటనలు గుర్తుచేయవలసి ఉన్నది. బుక్‌మార్కులను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చేరవేస్తూ వచ్చిన ఎక్స్‌మార్క్స్ సేవ 2018లో ఆగిపోయింది. గూగుల్ బుక్‌మార్క్స్ సేవను 2021లో మూసివేశారు. తరువాత చదువుకొందామని ఎందరో వ్యాసాలను దాచుకొన్న పాకెట్ 2025 జూలైలో మూతపడింది. ముందుగా హెచ్చరించి గడువు ఇచ్చినప్పటికీ, ఎగుమతి చేసుకోవడం మరచినవారు తమ సేకరణను కోల్పోవలసినదే. పరుల ఇంట దాచిన సొత్తు వారి వీలునుబట్టి ఉంటుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఒకటున్నది. బుక్‌మార్కులకు ఆ పేరును వ్యాప్తిలోకి తెచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజరు 2008లో అంతరించింది. కాని నేటికీ ప్రసిద్ధ బ్రౌజర్ల నుండి జాబితాను ఎగుమతి చేసి, ఆ ఫైలును సాధారణ అక్షరాలుగా తెరచి చూస్తే, మొదటి పంక్తిలో నెట్‌స్కేప్ పేరే ఉంటుంది. బ్రౌజరు పోయినా అది రూపొందించిన ఫైలు పద్ధతి సరళమైనది, ఎవరైనా చదవగలిగినది కావడంచేత మూడు దశాబ్దాలుగా నిలిచి ఉన్నది. ఏ సంస్థ అనుమతీ లేకుండా తెరవగలిగే సాదా ఫైలు, దానిలో మనం మన మాటలలో పెట్టుకొన్న పేర్లు, ముఖ్యమైన పుటలకు మన చేతిలో ఒక ప్రతి ఉంటే, రేపు ఏ సైటు తలుపు మూసినా మన చదువుకు అంతరాయం కలుగదు. ఈ రాత్రి కంప్యూటరు ఆపేముందు జాబితా తెరచి, అందులో పోతే తిరిగి సంపాదించలేనివి ఏవో ఐదింటిని ఎన్నుకొని, వాటికి సరైన పేరు పెట్టి ప్రతి తీసుకొంటే పని ప్రారంభమైనట్లే.